రాయి చెప్పిందెంత, మనం కలిపిందెంత

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు వైపువే. ఊరి చరిత్ర రాస్తున్నవాళ్ళు, బడిలో చరిత్ర చెప్తున్నవాళ్ళు, 1948లో నిజాం లొంగిన సెప్టెంబరు పదిహేడు మీద ప్రతి ఏడూ పంచాయితీ పెట్టుకునేవాళ్ళు రాసినవి. అడిగిన తీరు వేరైనా అన్నిటి అడుగునా ఉన్న సందేహం ఒకటే: మన అభిమానం చరిత్ర రాతలో ఎక్కడ దూరుతుంది, దూరితే ఎట్లా పట్టుకోవాలి?

ప్రశ్న: మా ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నాం. రుద్రమదేవి అంబదేవుడితో పోరాడి వీరమరణం పొందినట్టు చందుపట్ల శాసనంలో ఉందని అందరూ అంటారు. అట్లాగే అచ్చు వేయవచ్చా?
— గ్రామ చరిత్ర కమిటీ, నకిరేకల్ మండలం

జవాబు: వద్దు. ఆ రాతిమీద అంత లేదు. శక 1211, విరోధి నామ సంవత్సరం, అంటే క్రీ.శ. 1289 నాటి శాసనం అది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథ దేవరకు భూమి ఇచ్చాడని చెబుతుంది. యుద్ధం ప్రస్తావన లేదు, అంబదేవుడి పేరు లేదు.

మరి ఆ మాట ఎక్కడిది? రాణి, సేనాని కలిసి పోయారు. అదే కాలంలో కాకతీయుల సామంతుడు, కాయస్థ వంశపు అంబదేవుడు తిరగబడ్డాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులను తానే పొగుడుకున్నాడు. ఈ రెండు రాళ్ళను పక్కపక్కన పెట్టి, రాణి యుద్ధంలోనే పోయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. గట్టి ఊహే. పుస్తకంలో తప్పక రాయండి, కాని ఊహ అని చెప్పి రాయండి. ఒక్క వాక్యాన్ని మూడు చేస్తే చాలు: చందుపట్ల రాయి ఇది చెబుతోంది, త్రిపురాంతకం రాయి అది చెబుతోంది, రెంటినీ కలిపి చూసినవాళ్ళు ఇట్లా అంటున్నారు. ఈ మూడు ఒకటైపోతే పదేళ్ళలో ఊహ రాతిమీదికి ఎక్కి కూర్చుంటుంది. పిల్లలు దాన్నే శాసనం అనుకుంటారు.

ఇంకో సంగతి. 'శివలోకం చేరారు' అన్నది ఆ కాలపు మాట. 'వీరమరణం' అనగానే మన కళ్ళముందుకు వచ్చేది సరిహద్దులో పోయిన జవాను, అతని పెట్టె మీద కప్పిన జెండా. ఒక్క మాట మార్చితే, పుణ్యం కోసం వేయించిన దానశాసనం కాస్తా దేశం కోసం ప్రాణమిచ్చిన కథ అవుతుంది. 1289లో మన ఇప్పటి అర్థంలో దేశం లేదు. అప్పటి 'దేశం' అంటే ఒక సీమ, ఒక ఏలుబడి.

పైగా ఈ రాళ్ళు ఇప్పటికే రెండుసార్లు చేతులు మారాయి. విజ్ఞాన చంద్రికా మండలి 1910లో చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వేసిన కాలంలో కాకతీయులు ఆంధ్రజాతిని ఒక్కటి చేసినవాళ్ళు. 2014 తర్వాత వాళ్ళ తోరణం తెలంగాణ రాజముద్రలోకి వచ్చింది, చెరువుల పూడికతీతకు వాళ్ళ పేరు పెట్టుకున్నాం. శాసనాల్లో ఒక్క అక్షరం మారలేదు. 'మనవాళ్ళు' అన్న మాటలో 'మన' ఎంత పొడుగు, ఎంత వెడల్పు అన్నదే మారింది. ఆ మాటకొస్తే 'జాతి' అన్న తెలుగు మాటే జారుడు మాట. కులానికీ అదే, తెలుగువాళ్ళకీ అదే, భారతదేశానికీ అదే. రాసేటప్పుడు ఏ జాతి అన్నది ప్రతిసారీ విప్పి చెప్పండి, సగం తికమక అక్కడే తీరుతుంది.

పుస్తకంలో శాసనాన్ని ఈ వరసలో వేయండి. మొదట రాతి ఫోటో. తర్వాత పాఠం, రాతిమీద ఉన్నట్టే పంక్తికి పంక్తి, పక్కన పంక్తి సంఖ్యతో. అరిగిన అక్షరం చోట చుక్కలు పెట్టండి. మీరు ఊహించి పూరించిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టండి, బయట వదలకండి. దాని కింద వాడుక తెలుగులో అర్థం. మీ అభిప్రాయం వేరే పేరాలో, అన్నిటికన్నా చివర. ఊళ్ళో భూమి ఎవరి చేతిలో ఉండేదో చెప్పే అధ్యాయానికి 1954–55 ఖాస్రా పహాణి, అంటే ఆనాటి సర్కారు భూమి రికార్డు, దగ్గర పెట్టుకోండి. 'మా తాత ఊరందరికీ భూములు పంచాడు' వంటి మాటలు అక్కడ నిలుస్తాయో లేదో తెలిసిపోతుంది.

ప్రశ్న: కాకతీయులు మా కులంవాళ్ళేనని మా సంఘం కరపత్రం వేసింది. ఇంకో సంఘం వాళ్ళూ అదే అంటున్నారు. ఏది నిజం?
— సూర్యాపేట

జవాబు: శాసనాలే ఒక్క మాట మీద లేవు. కొన్ని వాళ్ళను సూర్యవంశం అంటాయి, కొన్ని నాలుగో కులంలో, అంటే శూద్ర వర్ణంలో, పుట్టినవాళ్ళు అంటాయి. సూర్యవంశం అన్నది ఆ కాలపు రాజులు పురోహితులచేత రాయించుకునే పొగడ్త. ఇప్పటి కులసంఘం పేరు పన్నెండో శతాబ్దపు రాతిమీద దొరకదు. రెండు కరపత్రాలనూ పక్కన పెట్టండి.

ప్రశ్న: శాసనంలో తేదీ మాటల్లో ఉంది. మా తాతగారి కాగితాల్లో ఫసలీ సంవత్సరాలున్నాయి. ఇంగ్లీషు సంవత్సరంలోకి ఎట్లా మార్చాలి?
— డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: శక సంవత్సరానికి 78 కలపండి. ఉగాది మార్చి–ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి, మాఘ ఫాల్గుణాల తేదీలకు 79 కలపాలి; పుష్యం సంగతి పంచాంగం చూసి తేల్చండి. చాళుక్య విక్రమ శకమైతే, కొలనుపాక వైపు శాసనాల్లో ఎక్కువ అదే, 1075 కలపాలి. దాని మొదటి సంవత్సరం 1076–77.

తేదీ 'భూ శశి నేత్ర ఇందు' వంటి మాటల్లో ఉంటే ఒక్కో మాట ఒక్కో అంకె. భూమి ఒకటి, చంద్రుడు ఒకటి, కళ్ళు రెండు, మళ్ళీ చంద్రుడు ఒకటి. మొదటి మాట ఒకట్ల స్థానం, కాబట్టి కుడి నుంచి ఎడమకు పేర్చాలి: 1211. ఇక్కడ తిరగెయ్యడం మరచి తప్పు తేదీ తీసేవాళ్ళు చాలామంది.

వచ్చిన అంకె సరైనదేనా అన్నదానికి సులువైన పరీక్ష ఉంది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. వచ్చే శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టిన సంవత్సరం వరస. 1211కు 12 కలిపితే 1223, శేషం 23, ఇరవై మూడోది విరోధి. శాసనంలోని సంవత్సరం పేరు ఇట్లా కలవకపోతే మీరు చదివినదైనా తప్పు, చెక్కినవాడైనా తప్పు, లేదా మొత్తం శాసనమే తర్వాత పుట్టించినదైనా కావచ్చు.

హైదరాబాద్ ఫసలీ నిజాం సర్కారు రెవెన్యూ సంవత్సరం. అది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి తర్వాత 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. నెల పేరు చూడకుండా 590 కలిపేస్తే పోలీసు చర్య నాటి, అంటే 1948 సెప్టెంబరు నాటి, కాగితం 1947లోకి జరిగిపోతుంది.

ప్రశ్న: సెప్టెంబరు 17ను మా ఊళ్ళో ఒక జెండా కింద విమోచనం అంటారు, ఇంకో జెండా కింద విలీనం అంటారు, మూడోవాళ్ళు విద్రోహం అంటారు. చరిత్ర రాసేవాడు ఏ మాట వాడాలి?
— మిర్యాలగూడ

జవాబు: సర్కార్లకే తెగని మాట ఇది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యత పేరుతో, కేంద్రం విమోచన దినం పేరుతో వేరువేరుగా జరిపాయి. 2024 మార్చిలో కేంద్రం హైదరాబాద్ విమోచన దినంగా నోటిఫై చేసింది. ఆ సెప్టెంబరులో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది. కాబట్టి మొదట పేరు లేకుండా తేదీలు రాసుకోండి.

1946 జులై 4న అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం మధ్య యథాతథ ఒప్పందం. 1948 ఆగస్టులో హైదరాబాద్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి మొరపెట్టుకుంది. సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికి వచ్చింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు, 18న అతని సైన్యం లాంఛనంగా లొంగింది, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరయ్యాడు. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా. 1950 జనవరి 26 నుంచి ఆ నిజామే రాజప్రముఖ్, అంటే గవర్నరు వంటి రాష్ట్రాధిపతి, 1956 దాకా. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం విరమించారు.

ఇప్పుడు ఒక్కో పేరు ఈ వరస మీద పెట్టి చూడండి. ఏది ఏ తేదీని దాచిపెడుతుందో కనిపిస్తుంది. విమోచనం అన్న కథ సెప్టెంబరు 18 దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత మూడేళ్ళు అదే సైన్యం నల్లగొండ పల్లెల్లో కమ్యూనిస్టు దళాల కోసం గాలించడం, విడిపించామన్న నిజాంకే రాజప్రముఖ్ పదవి ఇవ్వడం అందులో ఇమడవు. 1948 చివర్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యలను ఎక్కువగా నమోదు చేసి, మొత్తం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. విద్రోహం అన్న కథ రజాకార్ల దాడులను రెండు వాక్యాల్లో దాటేస్తుంది. విలీనం అన్నవాళ్ళు చట్టప్రకారం తేదీ వెతికితే సెప్టెంబరు 17 దగ్గర కాదు, 1949 ఫర్మానా దగ్గర, 1950 జనవరి 26 దగ్గర తేలుతారు. 'పోలీసు చర్య' కూడా ఊరికే పుట్టిన పేరు కాదు. సైన్యం, ట్యాంకులు, విమానాలు కదిలినా పోలీసు అన్నారంటే, ఇది రెండు దేశాల యుద్ధం కాదు, ఇంటి వ్యవహారం అని చెప్పుకోవడానికి. 1882లో పారిస్‌లో ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ ఒక ఉపన్యాసంలో అన్నాడు, జాతి తయారుకావాలంటే కలిసి గుర్తుంచుకోవడమే కాదు, కలిసి మరచిపోవడమూ కావాలని. ఈ నాలుగు పేర్లకూ నాలుగు మతిమరుపులున్నాయి.

మా సలహా: మీ సొంత వాక్యంలో 'నిజాం లొంగిపోయాడు', 'భారత సైన్యం వచ్చింది' అని జరిగిన పని రాయండి. పేరు వాడాల్సి వస్తే ఎవరు పెట్టిన పేరో చెప్పి వాడండి.

ముసలివాళ్ళను అడిగేటప్పుడు 'విమోచనం రోజు ఏం జరిగింది?' అని అడగొద్దు. ఆ మాటతోనే జవాబు మీరిచ్చేసినట్టు. వాళ్ళు 'పోలీసాక్షన్' అంటారు, 'రజాకార్ల జమాన' అంటారు, 'దళాలు తిరిగిన రోజులు' అంటారు. ఆ మాటనే పట్టుకోండి. తేదీ అడిగితే బెదిరిపోతారు. చేలో ఏ పంట ఉంది, బతుకమ్మకు ముందా వెనకా, నీకు పెళ్ళయిందా అప్పటికి, అని అడగండి. అప్పటికి పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై ఐదు దాటాయి; చూసింది ఎంత, తర్వాత సభల్లో విన్నది ఎంత అన్నది విడదీసి రాసుకోండి. మృతుల లెక్క తీసేవాళ్ళు జిల్లా హద్దులతో జాగ్రత్త. ఆనాటి నల్లగొండలో జనగామ ఉంది, ఈనాటి నల్లగొండలో సూర్యాపేట కూడా లేదు. పాత జిల్లా లెక్కకు కొత్త జిల్లా లెక్క కలిపితే ఒకే మనిషి రెండుసార్లు చనిపోతాడు.

ప్రశ్న: మా వైపు గుళ్ళలో విరిగిన విగ్రహాలన్నీ తురకల దండయాత్రలో విరిగినవేనా?
— నాగర్‌కర్నూల్

జవాబు: కొన్ని అవును. 1323లో ఓరుగల్లు పడ్డాక కోటలోని స్వయంభూ దేవాలయానికి పట్టిన గతి ఇప్పటికీ కళ్ళముందుంది. కాని 'అన్నీ' అన్న చోటే చరిత్ర ఆగి ఆవేశం మొదలవుతుంది. మీ ప్రాంతంలో విగ్రహాలకు పెద్ద శత్రువు గుప్తనిధుల వేటగాడు. పీఠం కింద తవ్వకం, నంది పొట్టలో రంధ్రం, ఉలి దెబ్బ లోపల తెల్లగా మెరిసే రాయి కనిపిస్తే అది నిన్నా మొన్నటి పని. పాత విరుగుడు అయితే విరిగిన ముఖం కూడా మిగతా రాయిలాగే నల్లబడి, నాచు మచ్చలు పట్టి ఉంటుంది. శైవం బలపడినప్పుడు జైన బసదులు, అంటే జైనుల గుళ్ళు, చేతులు మారాయి. కప్పు దూలం పగిలి మీదపడి విరిగినవీ ఉన్నాయి. చోటు మారిన గుళ్ళూ ఉన్నాయి: శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళకు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. ముందు రాయిని చూడండి, తర్వాత చుట్టూ శాసనం ఏమన్నా ఉందేమో వెతకండి, ఆ తర్వాతే పేరు పెట్టండి.

ప్రశ్న: జాతీయాభిమానం చరిత్రకు కీడేనా? అభిమానం లేనివాడు చరిత్ర ఎందుకు రాస్తాడు?
— లెక్చరర్, మహబూబ్‌నగర్

జవాబు: మంచి ఎదురుప్రశ్న. మూలాలు పోగుచేసిన చేతుల్లో చాలా భాగం అభిమానుల చేతులే. జర్మన్ల మధ్యయుగ పత్రాలను అచ్చులోకి తెచ్చిన 'మాన్యుమెంటా జెర్మేనియే హిస్టోరికా' సంస్థ 1819లో పుట్టింది. పవిత్ర దేశభక్తే ఉత్సాహమిస్తుందని దాని నినాదం. ఆ సంపుటాలను జర్మన్లంటే పడనివాళ్ళు కూడా నేటికీ వాడతారు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిదీ అదే దారి. తెలంగాణలో కవులే లేరన్న మాట గుచ్చుకుని 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు, 354 మంది కవులతో. కోపంతో పుట్టిన పుస్తకమే. కాని కోపాన్ని వ్యాసంగా రాయకుండా పేర్లుగా, పద్యాలుగా పేర్చాడు. ఎవరైనా ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు.

చెడేది ఎక్కడంటే, కావలసిన ఆధారం దొరకనప్పుడు. 1817, 1818ల్లో చెక్ దేశంలో రెండు 'ప్రాచీన' కావ్యాల రాతప్రతులు బయటపడ్డాయి. జర్మన్లకు లేనంత పాత సాహిత్యం మాకుందని చెక్కులు పొంగిపోయారు. 1886లో మసారిక్ అనే ప్రొఫెసరు నడిపిన పత్రికలో భాషాశాస్త్రజ్ఞుడు గెబౌర్ అవి దొంగవని తేల్చాడు. అందులోని వ్యాకరణం ఆ కాలపు అసలు ప్రతులు వేటిలోనూ లేదు. మసారిక్‌ను దేశద్రోహి అని తిట్టారు. 1918లో చెకొస్లొవేకియా పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే.

మన దగ్గర దీనికి పేరే ఉంది, కూటశాసనం. పాత రాజు పేరుతో తర్వాతివాళ్ళు పుట్టించిన రాగిరేకు. లిపి ఒక శతాబ్దిది, తేదీ ఇంకో శతాబ్దిది అయినా, తిథికీ వారానికీ పొంతన లేకపోయినా అనుమానించాలి. మీకు నచ్చే మాట చెప్పే శాసనాన్ని నచ్చని దానికన్నా రెండుసార్లు ఎక్కువ పరీక్షించండి. అభిమానికి అంతకన్నా పెద్ద క్రమశిక్షణ అక్కర్లేదు. అన్నట్టు, పొలంలో రాగిరేకు దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. తోమి మెరిపించకండి, సన్నని గీతలు పోతాయి.

ప్రశ్న: 1952లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయంటారు. గొప్పకు చెప్పుకునేదా, నిజమా?
— భువనగిరి

జవాబు: నిజమే. నల్లగొండలో ఆయనకు 3,09,162, నెహ్రూకు 2,33,571. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం వల్ల పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డాడు. ఒక్క వివరం మాత్రం గొప్ప చెప్పుకునేవాళ్ళు వదిలేస్తారు: నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూదీ అట్లాంటిదే కాబట్టి పోలిక నిలుస్తుంది. ఒక్క సభ్యుడి నియోజకవర్గంతో పోల్చితే నిలవదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదంతా ఒక పీరియడ్‌లో ఎట్లా చూపించాలి?
— ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: ఉపన్యాసం వద్దు. ఒకే సంఘటన మీద రెండు వేరు పుస్తకాల పేరాలు, ఒక్కోటి పది పన్నెండు పంక్తులు మించకుండా, జిరాక్స్ తీసి ఇద్దరికొకటి ఇవ్వండి. మొదటి పది నిమిషాలు: 'మనం', 'మన', 'వాళ్ళు', 'శత్రువు', 'విదేశీ' మాటల కింద గీత గీయాలి. తర్వాత పది: కథ ఏ సంవత్సరంతో మొదలైంది, ఏ సంవత్సరంతో ఆగింది? తర్వాత పది: ఎవరి పేర్లున్నాయి, ఎవరు 'ప్రజలు', 'సైనికులు' అన్న మాటలో కలిసిపోయారు? మిగిలిన సమయంలో గీతలున్న మాటలన్నీ తీసేసి పేరాను తిరగరాయాలి. ఎంత మిగిలిందో పిల్లలే చూస్తారు. ఎవరు దేశభక్తులు అన్న చర్చలోకి మాత్రం దిగనీయకండి. పీరియడ్ అక్కడే మునిగిపోతుంది. వీలైతే ఇంకో రోజు, హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అన్న విభజన ఎక్కడిదో చెప్పండి. 1817లో అచ్చయిన జేమ్స్ మిల్ పుస్తకం 'హిస్టరీ ఆఫ్ బ్రిటిష్ ఇండియా' నుంచి వచ్చింది. ఆయన మన దేశంలో అడుగు కూడా పెట్టలేదు. తెల్లవాళ్ళను తిట్టిన చరిత్రలు కూడా ఆ గీతలనే ఉంచుకున్నాయి.

ప్రశ్న: పండుగకు మా యువజన సంఘం వాళ్ళు గుడిముందు శాసనానికి పసుపు పెయింటు వేసి, అక్షరాల్లో ఎర్ర రంగు నింపారు. అట్లా ఉంచవచ్చా?
— హాలియా

జవాబు: రంగు నింపినవాడు తనకు కనిపించిన అక్షరాన్ని నింపాడు. ప, వ లకు తేడా ఒక చిన్న గీత. అది అరిగిన చోట అతను ఊహించినదే ఇకనుంచి అందరూ చదువుతారు. కాబట్టి ఆ రంగును చూసి చదివిన పాఠాన్ని నమ్మకండి. గోకవద్దు, యాసిడ్, ఇసుక, ఇనుప బ్రష్ వాడవద్దు; రంగుతో పాటు రాతి పొర లేస్తుంది. పెయింటు తీయడం రాష్ట్ర వారసత్వ శాఖ వాళ్ళు చేయాల్సిన పని, వాళ్ళకు ఫోటోతో అర్జీ పెట్టండి.

ఈలోగా చీకటి పడ్డాక వెళ్ళి, టార్చిలైటును రాతికి ఒక పక్కన దాదాపు ఆనించి, అడ్డంగా వెలుగు పడేట్టు పట్టుకుని ఫోటోలు తీయండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి; పక్కన స్కేలు ఉండాలి. గుంట ఉన్నచోట నీడ పడుతుంది, గుంట లేకుండా ఉత్త రంగే ఉన్నచోట పడదు. ఇంకా రంగు పడని రాయి ఊళ్ళో ఉంటే, దాన్ని మంచినీళ్ళతో, మెత్తని బ్రష్‌తో కడిగి, తడిపిన మందపాటి కాగితం పరిచి, బ్రష్‌తో గుంటల్లోకి దిగేట్టు కొట్టి, సగం ఆరాక సిరా అద్దిన గుడ్డముద్దతో పైపైన తట్టండి. గుంటలు తెల్లగా, రాయి నల్లగా వస్తుంది. కాగితం బాగా తడిగా ఉన్నప్పుడే సిరా తడితే రాయికి అంటుతుంది. పూర్తిగా ఎండితే కాగితం ముందే లేచిపోతుంది. ఒక్క రాతికి రెండు కాపీలు తీసి, ఒకటి ఊళ్ళో ఉంచండి.